దరఖాస్తులో రెండో పేరా

గ్వెల్ఫ్
9 అక్టోబర్ 2022

చిన్నమ్మా, వందనాలు.

నువ్వు పంపిన కాలేజీ పుస్తకం శుక్రవారం వచ్చింది. బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీదే కూర్చుని మొత్తం చదివేశా. ఈ ఇంట్లో ఆరుగురు స్టూడెంట్స్ ఉంటాం కదా, ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు నన్ను దాటుకుంటూ పోయారు. ఒకమ్మాయి ఎవరైనా పోయారా అని అడిగింది. నా మొహం అలా ఉందట.

నేను చదవాల్సింది ఇదే. హైదరాబాద్‌లో ఏజెంట్ ఏది చూపిస్తే దానికి సంతకం పెట్టి, కెనడా వచ్చి హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేరా. ఏప్రిల్‌లో అయిపోతుంది. ఈ రెండేళ్ళలో నేను నిజంగా నేర్చుకున్నది మాత్రం శనాదివారాలు పని చేసే వృద్ధుల కేర్ హోమ్‌లోనే. నా పని వంటగదిలో ప్లేట్లు సర్దడం. ఒక ముసలామె తినడం మానేస్తే, ఊరికే పక్కన కూర్చున్నా. ఆమె వాళ్ళ నాన్న పడవ గురించి చెబుతూ చెబుతూ సూప్ అంతా తాగేసింది. అక్కడ పెద్దవాళ్ళకి తోడుగా ఉండే పాస్టర్, చాప్లిన్ అంటారు, అది చూసి, "నువ్వు ఈ పని చదువుకోవాలి" అన్నారు. రోగుల పక్కన కూర్చోవడం, వాళ్ళు చెప్పేది వినడం, అడిగితే ప్రార్థన చేయడం, ఇదంతా ఒక చదువని, ఒక ఉద్యోగమని అప్పటిదాకా నాకు తెలీదు. ఆ కోర్సే మీ హాలిఫాక్స్‌లో, మీ చర్చి నడిపే కాలేజీలోనే ఉందంటే ఏమనాలి.

జనవరి ఆఖరుకి అప్లై చేయాలి. ఒక వ్యాసం రాయాలి, ఒక పాస్టర్ దగ్గర ఉత్తరం తేవాలి. నా పార్ట్‌నర్ రోష్ని అప్పుడే ఫారాలన్నీ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టింది. రోష్ని వాళ్ళది వాంకూవర్ పక్కన సర్రే. ముత్తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఫిజీకి చెరుకు తోటల్లోకి వెళ్ళిన కుటుంబం. తనకి పదకొండు తెలుగు మాటలు వచ్చు, అందులో ఎనిమిది తిండివే.

నీ చెవి మెషీన్ కొత్తది వచ్చిందా? ఫోన్‌లో నువ్వు వినలేకపోవడం వల్లే నాకు ఉత్తరాలు రాయడం అలవాటైంది. బాబాయికి వందనాలు.

నీ ధరణి


హాలిఫాక్స్
20 అక్టోబర్ 2022

ధరణికి చిన్నమ్మ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి మీ బాబాయి భీమారావుతో బయటికి చదివించుకున్నాను. ఆయన సిటీ బస్సు నడిపి వచ్చి అలసిపోయి ఉన్నాడు, అయినా "మన ఇంటి పిల్ల చాప్లిన్ అవుతుందా" అని లేచి కూర్చున్నాడు. చెవి మెషీన్ వచ్చింది. దాంతో ఫ్రిజ్ మోత బాగా వినపడుతోంది, మనుషుల మాటే వినపడటం లేదు.

నువ్వు వ్యాపారం పెట్టిన సంగతి మాత్రం నాకు ముందే చెప్పాల్సింది. పార్ట్‌నర్ ఉందంటే పెద్దదే అయి ఉంటుంది. మీ బాబాయి టిఫిన్ల వ్యాపారం అంటాడు, ఆ అమ్మాయికి తిండి మాటలే వచ్చని రాశావు కదా. మంచిదే. కానీ చదువుకునే పిల్లలు వ్యాపారం చేయొచ్చో లేదో పర్మిట్ రూల్స్ చూసుకో. ఎంత మంచి మనిషైనా పార్ట్‌నర్‌తో కాగితం రాసుకో. మా స్త్రీల కూటంలో మీ ఇద్దరి పేర్లూ చెప్పాను. పోయిన బుధవారం పద్నాలుగు మంది ఆడవాళ్ళు ధరణి, రోష్నిల వ్యాపారం వర్ధిల్లాలని ప్రార్థన చేశారు.

పాస్టర్ గారి ఉత్తరం సంగతి నాకు వదిలెయ్. కాలేజీని నడిపే కౌన్సిల్‌లో మా చర్చి సంఘం తరఫున నేనూ సభ్యురాలిని, మర్చిపోకు. పై గదికి కొత్త కర్టెన్లు కుడుతున్నాను. కిటికీలోంచి హార్బర్, ఫెర్రీ కనిపిస్తాయి.

చిన్నమ్మ సువార్త


గ్వెల్ఫ్
2 నవంబర్ 2022

చిన్నమ్మా, వందనాలు.

నీ ఉత్తరం కేర్ హోమ్‌లో టీ టైమ్‌లో చదివా. పద్నాలుగు మంది ప్రార్థన దగ్గర పగలబడి నవ్వా. తర్వాత భయం వేసింది. తర్వాత, ఆ పద్నాలుగు మందికీ నేను ఒక నిజం బాకీ పడ్డానేమో అనిపించింది. అందుకే ఇది రాస్తున్నా. కూర్చుని చదువు.

మాకు వ్యాపారం లేదు. పార్ట్‌నర్ అనే మాటకి ఇక్కడ ఇంకో అర్థం ఉంది. నీకూ బాబాయికీ ఎలాగో, నాకూ రోష్నికీ అలాగ. పెళ్ళి ఒక్కటే కాలేదు. నాకు మనసు ఎప్పుడూ అమ్మాయిల మీదే పోయింది. ఖమ్మంలో ఇంటర్ చదివేటప్పుడే తెలుసు. రెండేళ్ళు ప్రతి ఉపవాస కూటంలో మోకాళ్ళ మీద ఇది తీసెయ్ ప్రభువా అని అడిగా. తీసెయ్యలేదు. మూడో ఏడు అడగడం మానేసి, మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టా. నాకు ప్రార్థన వచ్చింది అప్పుడే.

రోష్ని జంతువుల ఆసుపత్రిలో టెక్నీషియన్. కుక్కకి ఇంజెక్షన్ ఇచ్చేముందు దానికి క్షమాపణ చెబుతుంది. ఏడాదిన్నరగా కలిసి ఉన్నాం.

ఇప్పుడు అసలు సంగతి. వ్యాసంలో "మీరెవరో, మీ విశ్వాసం మీ జీవితంలో ఎలా పనిచేసిందో రాయండి" అని అడిగారు. నేను రెండు రాశా. ఒకదాంట్లో కేర్ హోమ్, ఖమ్మం, నువ్వు, అమ్మ, అంతా ఉన్నారు. రెండోదాంట్లో అవన్నీ ఉండి, రెండో పేరాలో రోష్ని కూడా ఉంది. మొదటిది చక్కగా ఉంది, కానీ ఎవరో ఇంకో అమ్మాయి రాసినట్టుంది. మా హోటల్ కాలేజీలో సలహాలిచ్చే కౌన్సిలర్‌ని అడిగితే, "నువ్వు చెప్పి తీరాలనేమీ లేదు, ముందు వాళ్ళ రూల్స్ చదువు, అక్కడివాళ్ళని అడుగు, తర్వాత నీ ఇష్టం" అంది. రూల్స్ చదివా. ఫారం చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: వివాహం ఒక స్త్రీకీ పురుషుడికీ మధ్యే అన్న సంఘం బోధ ప్రకారమే నడుచుకుంటానని. దాని కింద సంతకం పెట్టాలి.

నాకు అక్కడ తెలిసింది నువ్వే. నన్ను కన్నవాళ్ళకి కూడా ఇంకా చెప్పలేదు. రెండో పేరా ఉంచనా, తియ్యనా?

నీ ధరణి


హాలిఫాక్స్
11 నవంబర్ 2022

ధరణీ,

ఆ ఫారం పంపకు. నేను చెప్పేదాకా ఏమీ రాయకు, ఎవరితో ఏమీ అనకు. పాస్టర్ గారిని ఉత్తరం అడగడం ఆపేశాను. బస్సుకి టైమైంది, వెళ్ళాలి.

సువార్త


గ్వెల్ఫ్
19 నవంబర్ 2022

చిన్నమ్మకి,

నీ ఉత్తరం అందింది. నాలుగు ముక్కలే కాబట్టి అర్థం కావడానికి టైమ్ పట్టలేదు. దీవెనలు అని కూడా రాయలేదు.

నీ మీద కోపం లేదు. నువ్వు ఆ చర్చిలో పన్నెండేళ్ళు కష్టపడి పేరు తెచ్చుకున్నావు, నా వల్ల అది పోకూడదు. అప్లికేషన్ ఇవాళ పొద్దున స్కాన్ చేసి పంపేశా, రెండో పేరాతోనే. ఆఖరి పేజీలో సంతకం పెట్టలేదు. "ఈ వాక్యం గురించి మీతో మాట్లాడాలని ఉంది" అని రాసి వదిలేశా. పాస్టర్ ఉత్తరం మా కేర్ హోమ్ చాప్లిన్ ఇచ్చారు. నీ పేరు ఎక్కడా వాడలేదు.

ఒకవేళ సీటు వస్తే వేరే చోట గది చూసుకుంటా. కర్టెన్లు కుట్టినందుకు థాంక్స్. పంపే బటన్ నొక్కాక మాత్రం చేతులు ఊరుకోలేదు, ఇల్లంతా తుడిచి పారేశా. ఇంత భయంలో కూడా ఇంత సంతోషం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు.

ధరణి


హాలిఫాక్స్
27 నవంబర్ 2022

నా తల్లి ధరణికి చిన్నమ్మ దీవెనలు. ఈసారి మొదటే రాశాను, చూసుకో.

మీ బాబాయి నా మీద కోప్పడ్డాడు. "ఆ పిల్ల గుండె తీసి కాగితం మీద పెడితే నువ్వు కరెంటు బిల్లు మీద రాసినట్టు రాసి పడేశావు" అన్నాడు. నిజమే. ఆ రోజు నేను వెళ్ళిన బస్సు ఎక్కడికో ఇప్పుడు చెబుతాను. కాలేజీకి వెళ్ళాను. ఆ వాక్యానికి అర్థం ఏమిటో, నిజం రాసిన పిల్లల్ని ఏం చేస్తారో మనిషిని అడిగి తెలుసుకుందామని. తెలిసేదాకా నువ్వు తొందరపడి పంపి దెబ్బ తింటావని ఆపమన్నాను. మా పాస్టర్ గారు మంచివాడే కానీ నోరు ఆగదు, అందుకే ఆయన్ని అడగడం ఆపేశాను. ఇదంతా రాయడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలు నీకు ఇవ్వలేదు.

నీకు తెలియని సంగతి ఒకటుంది. 1986లో నేను మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివేటప్పుడు నా గదిలో ప్రభ అని ఒకమ్మాయి ఉండేది. చివరి సంవత్సరం. పక్క గది అమ్మాయితో స్నేహం. హాస్టల్ మేట్రన్ పిలిచి నన్ను అడిగింది, "నువ్వు చూశావా?" అని. చూశానన్నాను. ఏం చూశాను? ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని నవ్వుకోవడం చూశాను. ఆ వారంలోనే ప్రభని పంపించేశారు. ట్రంకు పెట్టె రిక్షాలో పెట్టుకుని వెళ్తూ, నేను కిటికీలో ఉన్నానని తెలిసి కూడా తలెత్తలేదు. ఇంకో పిల్లకి నెల తిరక్కుండా పెళ్ళి చేశారు. ప్రభ పరీక్ష రాసి ఉంటే నాకంటే మంచి నర్సయ్యేది. ముప్పై ఆరేళ్ళుగా ఈ మాట మీ బాబాయితో కూడా అనలేదు. నీ ఉత్తరం చదివాక అన్నాను.

కాలేజీలో డీన్ మెక్‌లియడ్ గారిని కలిశాను. నీ పేరు చెప్పలేదు. ఆయన నాకు వినపడేలా నెమ్మదిగా మాట్లాడాడు. "సువార్త గారూ, ఆ వాక్యం పాతది. మేం ఎవర్నీ అడగం. పిల్లలు కూడా చెప్పరు. అలా నడిచిపోతోంది" అన్నాడు. మొదట నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకేం, ఇది నీకు రాసేస్తే సరిపోతుందనుకుని తలుపు దాకా వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను. తిరిగి వచ్చి అడిగాను: "చనిపోయే మనిషి పక్కన కూర్చుని నిజం మాట్లాడే పని నేర్చుకోడానికి ఒక పిల్ల వస్తుంటే, మొదటి పేజీలోనే దాచిపెట్టమని నేర్పిస్తారా?"

నా మెషీన్ ఆగిపోయిందేమోనని చెవి తట్టుకున్నాను. తర్వాత ఆయన, "ఈ ప్రశ్న కౌన్సిల్‌లో అడుగుతారా?" అన్నాడు.

జనవరిలో అడుగుతాను. నాకు అంతా అర్థమైపోయిందని అబద్ధం చెప్పను ధరణీ. బైబిల్ చదువుతున్నాను, ప్రార్థన చేస్తున్నాను, కొన్ని రోజులు ఒకలా, కొన్ని రోజులు ఇంకోలా ఉంటుంది. కానీ ఈసారి కిటికీలో నిలబడను.

గది నీదే. వేరే చోట చూసుకుంటే నీ బాబాయే వచ్చి సామాను బస్సులో వేసుకొస్తాడు.

చిన్నమ్మ సువార్త


గ్వెల్ఫ్
16 డిసెంబర్ 2022

చిన్నమ్మా, వందనాలు, వందనాలు.

ముందుగా, నేను మూర్ఖురాలిని. నీ ఉత్తరం రోష్నికి ఇంగ్లీషులో చెబుతూ ప్రభ దగ్గర ఆగిపోయా. రోష్ని నా చేతిలోంచి కాగితం తీసుకుని, తనకి చదవడం రాని అక్షరాలని అలాగే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు వార్త. మొన్న ఇంటర్వ్యూ అయింది. లాప్‌టాప్ ముందు కూర్చునే ఇంటర్వ్యూకి కూడా ఇస్త్రీ చేసిన ప్యాంటు వేసుకున్నా. ముగ్గురున్నారు: మీ డీన్ గారు, ఒక ప్రొఫెసరమ్మ, ఒక పెద్దాయన. ఆ పెద్దాయన నలభై ఏళ్ళు నేవీ ఆసుపత్రిలో చాప్లిన్‌గా చేశాడట. గంట సేపు కేర్ హోమ్ గురించే అడిగారు. నేను ఆ పడవ ముసలామె గురించి చెబుతుంటే పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

తర్వాత ఆయనే అన్నాడు, "మీ రెండో పేరా చదివాను. ట్రైనింగ్‌కి మేం పంపే కొన్ని సంఘాలు మిమ్మల్ని తీసుకోకపోవచ్చు. అప్పుడేం చేస్తారు?"

"తీసుకునే చోటికి వెళ్తాను. కానీ ముందే చెప్పి వెళ్తాను" అన్నా.

"చెప్పకుండా వెళ్తే సులువు కదా?"

"నాకు సులువే సర్. కానీ రోగి ఎవరైనా నాతో ఇలాంటి మాటే చెప్పుకుంటే, నేను దాక్కుని వినాలి. దాక్కున్నవాళ్ళకి సగమే వినపడుతుంది."

ఇది ముందుగా అనుకున్న మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. ప్రొఫెసరమ్మ ఏదో రాసుకుంది. చివర్లో మీకేమైనా అడగాలా అంటే, రోష్ని నాతో కాలేజీ ఇచ్చే క్యాంపస్ ఇంట్లో ఉండొచ్చా అని అడిగేశా. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డీన్ గారు, "ఆ సంగతి కనుక్కుని రాస్తాను. మీరు అడగడం మాత్రం మంచిదైంది" అన్నారు.

స్క్రీన్ ఆపాక రోష్నీ నేనూ మంచులో స్పీడ్ అనే మా ఊరి నది ఒడ్డున నడిచి నడిచి, రెండు కాఫీలు తాగాం. సీటు రాకపోయినా ఫర్వాలేదని రాద్దామనుకున్నా. అబద్ధం. నాకు కావాలి చిన్నమ్మా, చాలా కావాలి.

నీ ధరణి


హాలిఫాక్స్
22 జనవరి 2023

ధరణికి చిన్నమ్మ దీవెనలు.

నిన్న కౌన్సిల్ అయింది. పద్దెనిమిది మందిమి. మీ బాబాయి సెలవు పెట్టి నాతో వచ్చి, హాలు వెనక కుర్చీలో యూనిఫామ్ కోటుతోనే కూర్చున్నాడు.

నేను ఇంగ్లీషులో రాసుకెళ్ళాను. లేచాక కాగితం చూడలేదు. ప్రభ గురించి చెప్పాను. ఆమెని పంపించింది మేట్రన్ ఒక్కతే కాదని, నేను కూడా అని చెప్పాను. నా గొంతు ఎంత పెద్దగా ఉందో నాకు తెలీదు కదా, మైకు లేకుండానే కారిడార్ దాకా వినపడిందట. ఆ వాక్యం తీసేయాలని అడిగాను.

తీసేయడానికి ఒప్పుకోలేదు. రెండు గంటలు వాదించుకున్నాక డీన్ గారు మధ్యే మార్గం పెట్టారు: వాక్యం పుస్తకంలో ఉంటుంది, కానీ ఇకనుంచి విద్యార్థులెవరూ దాని కింద సంతకం పెట్టక్కర్లేదు. వ్యాసంలో రాసింది చూసి ఎవర్నీ తిప్పి పంపకూడదు. అనుకూలం పదకొండు, వ్యతిరేకం ఏడు. నేను అడిగింది సగమే వచ్చింది. మీ బాబాయి మాత్రం ఎలక్షన్ గెలిచినట్టు ఇంటిదాకా ఈల వేస్తూ వచ్చాడు.

మిసెస్ ఆర్చిబాల్డ్ అని, పన్నెండేళ్ళుగా చర్చిలో నా పక్కన కూర్చునే మనిషి. ఆమె ఏడుగురిలో ఉంది. ఈరోజు ఆరాధనలో ముందు వరసకి మారిపోయింది. కష్టంగానే అనిపించింది. కానీ పాట మాత్రం చివరిదాకా పాడాను.

నీ సీటు సంగతి నాకు చెప్పరు, నేను అడగకూడదు. నువ్వే నాకు ముందు రాయాలి.

చిన్నమ్మ


గ్వెల్ఫ్
10 ఫిబ్రవరి 2023

చిన్నమ్మా,

వచ్చింది. సీటు వచ్చింది. స్కాలర్‌షిప్‌తో వచ్చింది. మూడు వాక్యాలూ విడివిడిగా రాసుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని రాశా. బాగుంది.

క్యాంపస్ ఇల్లు మాత్రం పెళ్ళైన వాళ్ళకేనట. బట్టలు మడతపెడుతూ రోష్ని, "అయితే పెళ్ళి చేసుకుందామా?" అంది. ఇంటి కోసం వద్దు, పెళ్ళి పెళ్ళి కోసమే చేసుకుందాం అన్నా. సరే అంది. చొక్కా ఒకటి అప్పటికి నాలుగుసార్లు మడతపెట్టింది. కాబట్టి ప్రస్తుతానికి నీ పై గదే మా ఇద్దరికీ, నువ్వు ఒప్పుకుంటే. తను అక్కడి జంతువుల ఆసుపత్రులకి అప్లై చేస్తోంది.

అమ్మకి నేనే చెప్పా. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి, "చిన్నమ్మకి తెలుసా?" అంది. అక్టోబర్... కాదు, నవంబర్ నుంచి తెలుసన్నా. "కన్నతల్లిని నేనుండగా ముందు దానికి చెప్పావా" అని గంటసేపు దాని మీదే గొడవ పెట్టుకుంది. అసలు సంగతి జోలికే రాలేదు. నీకు ఫోన్ వస్తుంది, మెషీన్ తీసి పక్కన పెట్టుకో.

నీ ధరణి


హాలిఫాక్స్
20 ఫిబ్రవరి 2023

ధరణికి, రోష్నికి చిన్నమ్మ దీవెనలు.

అక్క ఫోన్ చేసింది. మెషీన్ పెట్టుకునే ఉన్నాను, మీ బాబాయి స్పీకర్‌లో పెడితే అంతా విన్నాను. తిట్టింది, ఏడ్చింది, ఆఖర్న నీ కాలేజీ ఫొటో పంపమంది. అక్కకి ఇంకా టైమ్ పడుతుంది. పట్టనీ. గదిలో మంచం మారుస్తున్నాం, ఉన్నది ఒకరికే సరిపోతుంది.

నిన్న మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడు మీ బాబాయికి వినిపించింది. చూస్తే మిసెస్ ఆర్చిబాల్డ్. కోటు విప్పలేదు, టీ వద్దంది. కుర్చీ అంచున కూర్చుని చెప్పింది. ఆమెకి ఒక మనవడట. పదకొండేళ్ళ క్రితం ఇలాంటి మాటే ఇంట్లో చెప్పి వాంకూవర్ వెళ్ళిపోయాడట. నంబరు ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకుంటుందట, మొదటి మాట ఏమనాలో తెలీక పెట్టేస్తుందట. "ఆ అమ్మాయి వస్తే నాతో కాసేపు కూర్చుంటుందా?" అని అడిగింది.

ఆ పిల్ల ఇంకా చేరలేదు, చదువు మొదలుపెట్టలేదు అన్నాను.

"పర్వాలేదు, నేనూ ఇంకా మొదలుపెట్టలేదు" అంది.

మే నెలలో వస్తారని చెప్పాను. కోటు విప్పి, టీ తాగి వెళ్ళింది.

చిన్నమ్మ సువార్త